ధర ఎవరు పెడతారు? టైల్స్ కొనే నాలుగు ఆటల్లో మీ ఇంటికి ఏది

"కార్కసోన్ ఆడీ ఆడీ విసుగొచ్చింది, ఇంకాస్త బుర్ర పెట్టే ఆట ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. కార్కసోన్ అంటే అట్ట ముక్కలు పక్కపక్కన పేర్చి ఊళ్ళూ దారులూ కట్టే బోర్డ్ గేమ్. అడగ్గానే నా నోటికి నాలుగు పేర్లు వస్తాయి: ఐల్ ఆఫ్ స్కై, కాసిల్స్ ఆఫ్ మ్యాడ్ కింగ్ లుడ్‌విగ్, సబర్బియా, అల్హంబ్రా. నాలుగింటిలోనూ చేసే పని పైకి ఒకటే. అట్టతో చేసిన టైల్ ఒకటి కొంటారు, మీ ముందున్న ఊళ్ళోనో కోటలోనో పేరుస్తారు, పాయింట్లు లెక్కపెట్టుకుంటారు. మరీ పిల్లల ఆటలు కావు. అలాగని రూల్స్ చదవడానికే ఆదివారమంతా పట్టే రకమూ కాదు.

తేడా అంతా ఒక్క చోట ఉంది. టైల్‌కి ధర ఎవరు పెడతారు? స్కైలో మీ టైల్‌కి మీరే పెట్టుకుంటారు. లుడ్‌విగ్‌లో రౌండుకొకరు అన్నిటికీ పెడతారు. సబర్బియాలో బజారే పెడుతుంది. అల్హంబ్రాలో ధర టైల్ మీదే అచ్చేసి ఉంటుంది, మీ దగ్గర సరిపడా చిల్లర ఉందా లేదా అన్నదే తంటా. ఒకే ఆట ఒకరికి తెగ నచ్చి ఇంకొకరికి అస్సలు పడకపోవడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఇదే. బొమ్మలూ, కథా, డబ్బా సైజూ అన్నీ ఆ తర్వాతే.

ఐల్ ఆఫ్ స్కై: మీ ధరే మీ గొంతు మీదికి

నా ఓటు దీనికే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

స్కై అనేది స్కాట్లాండ్ పడమటి తీరంలో నిజంగా ఉన్న ద్వీపం. ఆటలో మీరు అక్కడ ఒక వంశపు పెద్ద. అలెగ్జాండర్ ఫిస్టర్, ఆండ్రియాస్ పెలికన్ కలిసి చేసిన ఈ ఆట 2015లో వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీవాళ్ళ కెన్నర్‌స్పీల్ అవార్డు కొట్టింది. ఆటలు కాస్త అలవాటున్నవాళ్ళ కోసం ఇచ్చే అవార్డు అది. ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడొచ్చు, రూల్స్ తెలిసినవాళ్ళకు గంట చాలు.

రౌండు మొదట్లో ప్రతి ఒక్కరికీ కోట నుంచి అయిదు నాణేలు వస్తాయి. కోటకు దారి కలిసిన విస్కీ పీపాలు ఉంటే పీపాకో నాణెం అదనం. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి తలా మూడు టైల్స్ తీసి అందరికీ కనబడేలా ముందు పెట్టుకుంటారు. ఇక అడ్డుతెర వెనక అసలు పని మొదలవుతుంది. ఒక టైల్‌కి గొడ్డలి గుర్తు పెట్టాలి, అది తిరిగి సంచిలోకి పోతుంది. మిగతా రెంటికీ మీ సొంత నాణేలు పెట్టాలి. మీరు పెట్టినన్ని నాణేలే దాని ధర.

అడ్డుతెరలు తీశాక ఒక్కొక్కరూ వరసగా ఎదుటివాళ్ళ టైల్ ఒకటి కొనొచ్చు, ఒకటే. మీది ఎవరైనా కొంటే వాళ్ళ డబ్బు మీకొస్తుంది, మీరు పెట్టిన నాణేలూ వెనక్కి వస్తాయి. ఎవరూ కొనకపోతే మీ నాణేలు బ్యాంకుకు పోతాయి, టైల్ మీకే మిగులుతుంది. ఎక్కువ పెడితే మీ జేబుకే చిల్లు, తక్కువ పెడితే మంచి టైల్ పోతుంది. చిట్టీ పాటలో కూర్చున్నవాళ్ళకు ఈ టెన్షన్ కొత్త కాదు. అవతలివాడి అవసరం ఎంతో పసిగట్టాలి, మన అవసరం మాత్రం బయటపడకూడదు.

మొన్న ఒక రౌండులో నా దగ్గర పదకొండు నాణేలున్నాయి. వచ్చిన మూడు టైల్స్: ఒక చెరువు ముక్క, పీపా ఉన్న దారి, గొర్రెల మైదానం. చెరువు నాకు ఎక్కడా అతకదు, మా బావమరిదికి మాత్రం ప్రాణం. దానికి అయిదు పెట్టాను. పీపా నాకే కావాలి, నాలుగు పెట్టాను. గొర్రెలకు గొడ్డలి. తెర వెనక రెండు నాణేలు మిగిలాయి. అనుకున్నట్టే బావమరిది చెరువు కొన్నాడు. నా అయిదూ, అతని అయిదూ జేబులో పడ్డాయి. అంతా నా ప్లాన్ ప్రకారమే నడుస్తోందని మురిసిపోతుంటే మా వదిన నాలుగు నాణేలు లెక్కపెట్టి పీపా పట్టుకుపోయింది. ఆమె దారి సరిగ్గా అక్కడికే వస్తోంది, నేను ఆ వైపు చూడనే లేదు. "బావా, ఇంత చవగ్గా పెట్టావేంటి?" అని బావమరిది ఓదార్పు. చివరి వంతు నాది. చేతిలో ఇరవై నాణేలు, ముందు ఒక్క టైల్ లేదు. ఆ రౌండులో పక్క ఫ్లాట్ మాస్టారి దగ్గర కొన్న ఒకే ఒక్క టైల్‌తో సరిపెట్టుకున్నాను. ఆట చివర్లో అయిదు నాణేలకు ఒక్క పాయింటే వస్తుంది కాబట్టి డబ్బు దాచుకుని గెలుద్దామంటే కుదరదు.

ఆడినవాళ్ళు దీని గురించి ఎక్కువగా మెచ్చుకునేది స్కోరింగ్. పదహారు స్కోరింగ్ టైల్స్‌లోంచి ఆటకు నాలుగే వాడతారు. ఒక రోజు ఓడలకు విలువ, ఇంకో రోజు గొర్రెలకు. నిన్న బంగారమైన టైల్ ఇవాళ చెత్త. అందుకే ఈ డబ్బా అటకెక్కడానికి చాలా కాలం పడుతుంది. వెనకబడినవాళ్ళకు ఊరట కూడా ఉంది. నలుగురి దాకా ఆడేటప్పుడు ఆరు రౌండ్లుంటాయి. మూడో రౌండు నుంచి మీ ముందు ఎంతమంది ఉంటే అంతమందికి లెక్కగట్టి డబ్బిస్తారు, రౌండు రౌండుకీ ఆ మొత్తం పెరుగుతుంది. కొందరైతే మొదట్లో కావాలనే వెనక ఉండి ఈ డబ్బు తింటారు. అది తెలివా, గడుసుతనమా అన్నది మా బల్ల దగ్గర ఇంకా తేలలేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి, అబద్ధం చెప్పను. సంచిలోంచి ఏం వస్తుందన్నది పూర్తిగా అదృష్టం. మూడూ పనికిరానివే వస్తే ఆ రౌండు అవతలివాళ్ళ సంతలో తిరగడమే. టైల్స్ పేర్చేటప్పుడు ఎవరి లోకం వాళ్ళది, కార్కసోన్‌లోలా పక్కవాడి ఊళ్ళో చొరబడే వీల్లేదు. ఆ కొట్లాటే మీకిష్టమైతే ఇది చప్పగా అనిపిస్తుంది. రంగులు కూడా కాస్త వెలిసినట్టుంటాయని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపించింది. ఇద్దరే ఆడితే కొనేవాడు ఒక్కడే కాబట్టి ధర పెట్టడంలో ఉన్న మజా సగానికి సగం తగ్గుతుంది. అయిదుగురైతే అయిదు రౌండ్లే, ఇల్లు కట్టుకునేలోగానే గృహప్రవేశం అయిపోయినట్టుంటుంది. ముగ్గురో నలుగురో ఉన్నప్పుడే దీని రుచి తెలిసేది.

లుడ్‌విగ్: విరిచేది ఒకరు, తీసుకునేది ఇంకొకరు

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క కజ్జికాయే మిగిలితే అమ్మది ఒకటే పద్ధతి. విరిచేది ఒకడు, ముందు తీసుకునేది ఇంకొకడు. విరిచేవాడి చెయ్యి కంసాలి త్రాసు కన్నా కచ్చితంగా ఉండేది. ఆ పద్ధతినే టెడ్ ఆల్‌స్పాక్ 2014లో ఆటగా చేశారు అనుకోండి.

లుడ్‌విగ్ అంటే బవేరియా రాజు రెండో లుడ్‌విగ్. కోటల పిచ్చి ఉన్నాయన. 1869లో నోయ్‌ష్వాన్‌స్టైన్ అనే కోట మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 1886లో చనిపోయాడు. ఆటలో మీరు ఆయనకు గదులు చేర్చే మేస్త్రీలు. రౌండుకొకరు పెద్ద మేస్త్రీ. బజారులో ఉన్న గదుల్ని 1,000 నుంచి 15,000 దాకా ఉన్న ధరల కింద ఆయనే పేర్చాలి. మిగతావాళ్ళు కొన్న డబ్బంతా ఆయనకే. ఆయన మాత్రం అందరికన్నా చివర్లో కొనాలి, ఆ డబ్బు బ్యాంకుకు.

ఇక్కడి మెలిక చూడండి. మీకు కావలసిన గదిని చవగ్గా పెడితే ముందే ఎవరో ఎగరేసుకుపోతారు. ఖరీదుగా పెడితే మీరే అంత కట్టాలి. మీ వదిన దగ్గర ఎనిమిది వేలుంటే, ఆమె కన్నేసిన గదిని ఎనిమిదికి పెడితే ఉన్నదంతా మీ ఒళ్ళో పోస్తుంది. పదికి పెడితే కొనలేదు. అప్పుడు ఏమీ కొనకుండా బ్యాంకు నుంచి అయిదు వేలు తీసుకుని ఊరుకుంటుంది, మీకు పైసా రాదు. కక్ష తీర్చుకోవాలా, డబ్బు చేసుకోవాలా అన్నది ప్రతిసారీ ఆలోచించాల్సిన విషయమే.

పేర్చడంలో సరదా మాత్రం నాలుగింట్లోకీ దీనికే ఎక్కువ. గదులు రకరకాల ఆకారాలు, నిజం ఇంటి ప్లానులా ఉంటాయి. కొన్నిటికి పక్కన ఫలానా రకం గది వస్తే పాయింట్లు వస్తాయి, కొన్నిటికి పోతాయి. గదికున్న తలుపులన్నీ వేరే గదులకు కలిస్తే అదనపు లాభం. వంటగది లాంటిది పూర్తయితే ఇంకో వంతు, బయటి తోటలాంటిది పూర్తయితే పదివేలు. ఆట అయ్యాక పడగ్గదికి వెళ్ళాలంటే ఏయే గదుల్లోంచి నడవాలో ఒకరి కోట ఒకరు చూసి నవ్వుకోవడం మా దగ్గర ఆనవాయితీ. వాస్తు తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా బల్ల దగ్గరుంటే ఆ పది నిమిషాలూ ఆట కన్నా బాగుంటాయి.

తలనొప్పి ఎక్కడంటే, పెద్ద మేస్త్రీ ఆలోచిస్తున్నంతసేపూ మిగతావాళ్ళు ఫోన్లు చూసుకోవాల్సిందే. నిదానంగా ఆలోచించేవాళ్ళు ఇద్దరుంటే తొంభై నిమిషాల ఆట రెండున్నర గంటలకు పాకుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏ గది ఎవరికి ఎంత విలువో తెలియదు కాబట్టి, వాళ్ళ తర్వాత కొనేవాడికి కానుకలు పంచిపెడతారు. ఒకరికి ఆట బాగా వచ్చి మిగతావాళ్ళకు కొత్తయితే ఫలితం ముందే తెలిసిపోతుంది. పైగా గదుల్ని సైజుల వారీగా దొంతర్లు పెట్టుకుంటే గానీ ఆట మొదలవదు. భోజనాలు కాగానే డబ్బా తెరిచే అలవాటున్న ఇంట్లో ఇది చిన్న ఇబ్బందేం కాదు.

సబర్బియా: లెక్కల మాస్టారి ఆట

ఇదీ ఆల్‌స్పాక్‌దే, లుడ్‌విగ్ కన్నా రెండేళ్ళు ముందు, 2012లో వచ్చింది. ఇక్కడ మనుషులతో బేరం లేదు. బజారులో ఏడు టైల్స్ వరసగా ఉంటాయి. టైల్ మీదున్న ధర కాకుండా, కొత్తగా వచ్చినదానికి పది డాలర్ల దాకా అదనం, పాతబడే కొద్దీ తగ్గుతూ చివరి రెండు చోట్లకొచ్చేసరికి అదనం సున్నా. "ఇంకో వంతు ఆగితే రెండు డాలర్లు తగ్గుతుంది, కానీ అప్పటిదాకా ఉంటుందా?" అన్నదే టెన్షన్. ఆషాఢం సేల్‌లో చీర చూసి వెనక్కి వచ్చేసినవాళ్ళకు అర్థమవుతుంది.

మీ ఊరికి ఆదాయం, పేరు అని రెండు కొలతలు. ఆదాయం డబ్బు తెస్తుంది, పేరు జనాభాను పెంచుతుంది, జనాభాయే పాయింట్లు. జనాభా పట్టీ మీద అక్కడక్కడా ఎర్ర గీతలుంటాయి. గీత దాటినప్పుడల్లా ఆదాయం ఒకటి, పేరు ఒకటి తగ్గుతాయి. ఊరు పెరిగితే మున్సిపాలిటీకి ఎంత చాకిరీయో ఆ గీతలే చెబుతాయి. ముందు ఆదాయం పెంచుకోవాలి, ఎక్కడో ఒక చోట పేరు వైపు తిరగాలి. ఎప్పుడు తిరిగారన్న దాని మీదే ఆట సగం తేలుతుంది. నేను ప్రతిసారీ ఆలస్యంగానే తిరుగుతాను. చివర్లో నా దగ్గర డబ్బుంటుంది, జనం ఉండరు.

టైల్స్ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అవతలివాళ్ళ ఊళ్ళో కట్టిన వాటితో కూడా. మీరు ఖరీదైన రెస్టారెంట్ పెట్టాక ఎవరైనా ఎక్కడైనా ఇంకో రెస్టారెంట్ తెరిస్తే మీ ఆదాయం పడిపోయే టైల్ ఒకటుంది. చాలా నిజంగా ఉంటుంది ఇది. కానీ ఆ లెక్కలన్నీ గుర్తుపెట్టుకునేది మనుషులే. ఎవరైనా టైల్ పెట్టగానే "ఆగండాగండి, నాకు దీనివల్ల రెండు రావాలి" అంటూ బల్ల చుట్టూ లెక్క తిరుగుతుంది. కొందరికి ఇదే ఇష్టం, కొందరికి ఆఫీసు ఎక్సెల్ షీటు ఇంటికి తెచ్చినట్టుంటుంది. బల్ల కదిలి ఆ కొలతలు చూపించే క్యూబులు జరిగాయంటే ఇక ఎవరి ఆదాయం ఎంతో దేవుడికే తెలియాలి.

ఒంటరిగా ఆడుకునేవాళ్ళు మాత్రం దీన్నో లుడ్‌విగ్‌నో చూడండి. రెండూ ఒకరి నుంచి నలుగురి దాకా ఆడేవే. స్కై, అల్హంబ్రాలకు కనీసం ఇంకొకరు ఉండాలి.

అల్హంబ్రా: చిల్లర ఇవ్వబడదు

డిర్క్ హెన్ ఆట. 2003లో జర్మనీ ప్రధాన అవార్డు స్పీల్ దెస్ యారెస్ గెలిచింది. నాలుగింటిలో పాతదీ, తేలికదీ. ఆరుగురి దాకా కూర్చోవచ్చు.

నాలుగు రంగుల డబ్బు కార్డులు, బజారులో నాలుగు భవనాలు, ఒక్కో చోట ఒక్కో రంగు డబ్బే చెల్లుతుంది. ఎక్కువ ఇస్తే చిల్లర వెనక్కి రాదు. సరిగ్గా ఇస్తే ఇంకో వంతు దొరుకుతుంది. మన బస్సు కండక్టర్ల దగ్గర పుట్టిన రూల్ అంటే నమ్మేయొచ్చు. వంతుకు చిన్న కార్డులు తీసుకుని సరిపడా చిల్లర పోగేయాలా, పెద్ద నోటుతో గబుక్కున కొనేయాలా అన్నదే ఇందులో ఆలోచన. సరిగ్గా చెల్లించి వరసగా రెండు మూడు భవనాలు కొట్టినవాడి మొహం చూడాలి. అడ్డుగోడలు కలుపుతూ పేర్చడం చిన్న పజిల్. బయటి గోడ ఎంత పొడవుంటే అన్ని పాయింట్లు, కానీ ఆ గోడే రేపు కట్టే దారికి అడ్డం పడుతుంది.

ఆరుగురు ఆడేటప్పుడు మీ వంతు వచ్చేసరికి బజారంతా మారిపోతుంది, ముందే ప్లాన్ చేసి లాభం లేదు. గట్టి ఆటగాళ్ళు దీన్ని చూసి పెదవి విరిచేది అందుకే. మా అమ్మ మాత్రం నాలుగింటిలో మళ్ళీ ఆడదామని అడిగేది దీన్నొక్కదాన్నే. పేకాట చెయ్యి తిరిగినవాళ్ళకు కార్డులు పట్టుకోవడం అలవాటే కదా, రూల్స్ పది నిమిషాల్లో పట్టేస్తారు.

అయితే ఏది కొనాలి

ముగ్గురు నలుగురు కలిసి వారం వారం కూర్చునేవాళ్ళయితే రెండో ఆలోచన లేకుండా స్కై. ఒకరి మొహం ఒకరు చదవడం ఇష్టపడే జనానికి ఈ మాత్రం కష్టమున్న ఆటల్లో దీనికి మించింది నేను చూడలేదు. మీ ఇంట్లో తాము పెట్టిన ధరకు తామే దొరికిపోతే ముభావంగా అయిపోయేవాళ్ళున్నారనుకోండి, అలాంటివాళ్ళు నిజంగా ఉంటారు, అప్పుడు సబర్బియా మేలు. బజారు మీద కోపం తెచ్చుకోవచ్చు, బంధువుల మీద అక్కర్లేదు. ఆలుమగలిద్దరే ఆడుకునేటట్టయితే నేను సబర్బియానే ముందు చెబుతాను, రెండోది లుడ్‌విగ్. అల్హంబ్రాను ఇద్దరితో ఆడాలంటే మధ్యలో ఉత్తుత్తి మూడో ఆటగాణ్ణి పెట్టుకోవాలి, ఆ బాధ ఎందుకు? పండక్కి అందరూ వచ్చినప్పుడు, అమ్మమ్మ నుంచి పదేళ్ళ పిల్లాడి దాకా కూర్చోవాలంటే అల్హంబ్రా. లుడ్‌విగ్ ఎవరికంటే, గెలుపోటముల కన్నా ఆట అయ్యాక ముందున్న కోట చూసుకుని ఫోటో తీసుకునేవాళ్ళకు.

భాష సంగతి కూడా చూసుకోండి. స్కై, అల్హంబ్రా టైల్స్ మీద చదవాల్సిందేమీ లేదు, అన్నీ గుర్తులే. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళతోనూ హాయిగా ఆడొచ్చు. సబర్బియా టైల్స్ మీద ఇంగ్లిష్ వాక్యాలుంటాయి, బల్ల అవతల ఉన్నదాన్ని తలకిందులుగా చదవాల్సి వస్తుంది కూడా.

లుడ్‌విగ్ కొనేటప్పుడు డబ్బా మీది పేరు పూర్తిగా చదవండి. బిట్వీన్ టూ కాసిల్స్ ఆఫ్ మ్యాడ్ కింగ్ లుడ్‌విగ్ అని 2018లో ఇంకో ఆట వచ్చింది. అది పక్కవాళ్ళతో కలిసి కోట కట్టే ఆట, ఇందులో చెప్పిన ధరల వ్యవహారం అందులో లేదు. స్కైకి జర్నీమన్, డ్రూయిడ్స్ అని ఎక్స్‌పాన్షన్లున్నాయి, అంటే అసలు ఆటకు కలుపుకునే అదనపు డబ్బాలు. అసలు ఆట పదిసార్లు ఆడేదాకా వాటి జోలికి వెళ్ళకండి, మొదటి డబ్బాలోనే సరిపడా సరుకుంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే టైల్స్ లెక్కపెట్టుకున్నాకే డబ్బు ఇవ్వండి. నేను ఒకరి దగ్గర తీసుకున్న అల్హంబ్రాలో 54 భవనాలు ఉండాల్సింది 53 తేలాయి. ఫోన్ చేస్తే "చూసి చెబుతానండీ" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు. ఆ ఒక్క ముక్కను పెళ్ళి శుభలేఖ అట్ట కత్తిరించి చేసుకున్నాం. వెనక వైపు బంగారు రంగు వినాయకుడు ఉంటాడు కాబట్టి సంచిలోంచి తీసేటప్పుడు కళ్ళు మూసుకోవాలన్నది మా ఇంటి అదనపు రూల్.